పేరు చెప్పందే చావని సిపాయిలు

కోదాడ సోమయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. తన సైన్యంలో ఏ సిపాయినీ పేరు చెప్పకుండా చావనివ్వడు. పేరు ఒక్కటేనా? ఇంటిపేరు, ఊరు, సైన్యంలో చేరకముందు ఏం పని చేసేవాడు, ఏ కూరంటే ప్రాణం, ఎవరితో మాటల్లేవు, అన్నీ చెప్పాలి. చెప్పి, వాడిని రెండు వేళ్ళతో మెల్లగా లేపి, పక్కన పెట్టుకున్న మిఠాయి డబ్బాలో దూది మీద పడుకోబెట్టాలి. అప్పటిదాకా యుద్ధం ఆగాల్సిందే. ఎదుటి రాజు ఎంత తొందరలో ఉన్నా సరే.

కంగారు పడకండి, ఈ సిపాయిలు అంగుళం ఎత్తు బొమ్మలు. యుద్ధం జరిగేది సూర్యాపేట మార్కెట్ యార్డు వెనక, జగదీశ్ రెడ్డి విత్తనాల గోదాము పైఅంతస్తులో, రెండు ప్లైవుడ్ షీట్లు కలిపి వేసిన పెద్దబల్ల మీద. థర్మోకోల్ గుట్టలు, అట్టముక్కల ఏరు, ఐస్‌క్రీం పుల్లల వంతెన. ప్రతి ఆదివారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి పదిపన్నెండు మంది పెద్దమనుషులు వచ్చి, టేపుతో కొలిచి సైన్యాలు నడుపుతారు. పాచికలు వేసి ఒకరి మనుషుల్ని ఒకరు చంపుకుంటారు. మధ్యాహ్నం అందరూ కలిసి అన్నం తింటారు. దీనికి బొమ్మల యుద్ధాల క్లబ్బు అని పేరు. కార్యదర్శి వినోద్.

పాపం వినోద్! అతనికి బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల సెంటర్ ఉంది. వారంలో ఆరు రోజులు ‘ఇంకెంతసేపు?’ అనే మాట వింటూ బతికే మనిషి. నెట్ రాకపోతే తిట్లు అతనికే, కరెంటు పోతే తిట్లు అతనికే. అందుకే అతనికి ఏదైనా మొదలైతే అయిపోవాలి. అయిపోని పని చూస్తే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టు ఉంటుంది. అలాంటివాడి క్లబ్బులో సోమయ్య ఉన్నాడు. పైగా కొత్తగా ఎవరు చేరినా, వాళ్ళకు ఎదురుగా పెద్దబల్ల దగ్గర మొదట కూర్చునేది సోమయ్యే. ఎనిమిది నెలల్లో పెద్దబల్ల మీద ఆట ఒక్కటీ పూర్తి కాలేదు.

సోమయ్యకు అరవై మూడేళ్ళు. కోదాడలో హైవే పక్కన నలభై ఏళ్ళు లారీలకు రంగులు వేశాడు. డోర్ల మీద నెమళ్ళు, ముందు గద్దలు, వెనక ఓనరు పిల్లల పేర్లు. స్టిక్కర్లు వచ్చాక పని తగ్గింది కానీ చెయ్యి ఊరుకోలేదు. సన్న తీగ వంచి, దానికి ఎం-సీల్ ముద్ద అద్ది, పుల్లతో గీకి మనిషిని చేస్తాడు. మూడే వెంట్రుకలు మిగిలేదాకా కత్తిరించిన కుంచెతో రంగు వేస్తాడు. మొదటి రోజు వినోద్ భూతద్దం పెట్టి చూసి అలాగే నిలబడిపోయాడు. రెండు వందల నలభై మంది. ఒకరి ముఖం ఇంకొకరికి లేదు. ఒకడి చెవి మీద బీడీ. ఒకడి నుదుటి మీద టోపీ ఒరుసుకున్న మచ్చ. ఒకడికి మీసం ఎడమవైపు కొంచెం పొట్టి, మంగలి మధ్యలో లేచి వెళ్ళాడట. ఇంకొకడి కాలి చెప్పు తెగితే పెట్టుకున్న పిన్నీసు, వెంట్రుకలో సగం మందాన, వెండి రంగులో మెరుస్తోంది.

“కాకా, గింత చిన్న చెప్పుకు పిన్నీసు ఎందుకే? ఎవడు సూస్తడు?”

“వాడు చూసుకుంటాడుగా అబ్బాయ్. ఆ చెప్పుతో నడవాల్సింది వాడే కదా.”

ఈ సైన్యమంతా కోదాడ నుంచి బస్సులో, నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో వస్తుంది. కింది గిన్నెలో కాల్బలం, దాని మీద గుర్రాలు, ఆపైన ఫిరంగులు, అన్నిటికన్నా పైన రాజు, రాజుగారి వంటవాడు. ఒకసారి కండక్టర్ అడిగాడట, ఏం పెద్దాయనా, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని అంత జాగ్రత్తగా పట్టుకున్నవ్, ఏమున్నది దాంట్ల అని. సోమయ్య ఉన్నమాట చెప్పాడు. “రెండు వందల నలభై మందిమి బాబూ.” కండక్టర్ ఇంకో ప్రశ్న వేయకుండా, పక్క సీటువాళ్ళను కొంచెం దూరం జరగమన్నాడు.

ఇక ఊర్మిళ సంగతి. ఆమె సూర్యాపేటలో బ్యాంకు ఉద్యోగి. క్లబ్బుకు వచ్చిన మొదటి రోజే ఆమె ఫిరంగి పేల్చింది. గుండు ఎంత దూరం పోతుందో, ఎన్ని పాచికలు వేయాలో ఇంకా ఏమీ తెలియదు. ఏదో వేసింది. సోమయ్య మనుషులు ఏడుగురు ఒక్కసారే పడ్డారు.

“వీడు మాడుగులపల్లి లింగయ్య అమ్మా,” అని మొదలుపెట్టాడు సోమయ్య. “బత్తాయి తోటకు కాపలా ఉండేవాడు. ఒక్క కాయ తెంపి ఎరగడు. తోట యజమానే ఒకరోజు పిలిచి, ఒరేయ్ ఒకటి తినరా అన్నా తినలేదు...”

“అయ్యో, ఊకోండ్రి సార్! నాకేం తెల్సు, గా గుండు గంత దూరం పోతదని?”

ఏడుగురికి నలభై నిమిషాలు పట్టింది. ఊర్మిళ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట. మరుసటి ఆదివారం ఒక స్టీలు డబ్బా తెచ్చి సోమయ్య చేతిలో పెట్టింది. “ఏడు గారెలు ఉన్నయి సార్. ఏడుగురి ఇండ్లకు ఇయ్యండ్రి.” సోమయ్య కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. ఏడు ఇళ్ళ తరఫునా ఏడూ తనే తిన్నాడు.

వినోద్ చూసి చూసి ఒక నియమం పెట్టాడు. పడిన సిపాయి గురించి ఒక్క వాక్యం కన్నా ఎక్కువ చెప్పకూడదు. సోమయ్య వినయంగా తలూపాడు. ఆ రోజే కొత్తగా చేరిన ఒక లెక్కల మాస్టారు ఎదురుగా కూర్చుని నియమాల పుస్తకం తిరగేస్తున్నాడు. మొదటి సిపాయి పడ్డాడు. “మాడుగులపల్లిలో పుట్టి, మూడో ఏట తట్టు పోసి బతికి, అయిదో తరగతిలో బడి మానేసి, మేనత్త ఇంట్లో గేదెలు కాసి, అందులో ఒకటి తప్పిపోతే వెతకబోయి, వెతుకుతూ వెతుకుతూ నేరేడుచర్ల చేరి, అక్కడ రైసుమిల్లులో బస్తాలు మోసి...” పదకొండు నిమిషాల తర్వాత ఆ వాక్యం “...ఇప్పుడు పడ్డాడు” అని ముగిసింది. వినోద్ నియమం ప్రకారం ఏ తప్పూ లేదు.

అప్పుడు ఎవరో ఒక సలహా చెప్పారు. ఒక్కొక్కరికీ ఆగడం ఎందుకు, సాయంత్రం అందరికీ కలిపి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నారు. బాగానే ఉందనిపించింది. పన్నెండు మంది బల్ల చుట్టూ తలలు వంచుకుని నిలబడ్డారు. అదే సమయానికి కింద గోదాములో బస్తాలు దించే హమాలీ ఒకడు తాళంచెవి కోసం మెట్లెక్కి వచ్చాడు. చూశాడు. తలపాగా తీసి, తనూ రెండు నిమిషాలు నిలబడి, చడీచప్పుడు లేకుండా దిగిపోయాడు. పావుగంటలో జగదీశ్ రెడ్డి బుల్లెట్ మీద వచ్చాడు. చేతిలో ఇంత లావు బంతిపూల దండ.

“ఎవలు పోయిండ్రురా వినోదూ? మొన్ననే గదరా అందరు మంచిగుంటిరి!”

సోమయ్యే మిఠాయి డబ్బా ముందుకు జరిపాడు. “నేరేడుచర్ల భిక్షమండీ రెడ్డిగారూ. చాలా మంచోడు.”

జగదీశ్ రెడ్డి వంగి దూది మీద పడుకున్న అంగుళం మనిషిని చూశాడు. చేతిలో దండను చూసుకున్నాడు. ఆ దండ మీద భిక్షం లాంటివాళ్ళను ఊరికి ఊరినే కూర్చోబెట్టి ఊరేగించవచ్చు. ఆయన ముఖం ఎర్రబడింది.

“ఎనిమిది నెలల సంది సూస్తున్న. గీడ ఎవడన్న గెలిసిండని ఒక్కనాడన్న విన్ననా? కబడ్డీల గెలుస్తరు, పేకాటల గెలుస్తరు. గిదేం ఆటరా, సంతాప సభ లెక్క? మా బామ్మర్ది ట్యూషన్ పెట్టుకుంట, ఆ రూము ఇయ్యి బావా అని పరేషాన్ జేస్తున్నడు. వచ్చే ఆదివారం మీది పోటీ ఉన్నదంటివి గదా. నాలుగు గంటలకు వస్త. గెలిసినోన్ని తెచ్చి నా ముందట నిలబెట్టు. లేకుంటే ఇగ సామాను సర్దుకోండ్రి.”

అన్నంత పనీ చేసే మనిషి. వినోద్‌కి ఆ వారం నిద్ర పట్టలేదు. అంత బల్ల పట్టే గది మూడు ఊళ్ళలో ఇంకెవరు ఊరికే ఇస్తారు? గది పోతే క్లబ్బు ఖతం. ఆరు రోజులు తిట్లు తిన్నాక ఏడో రోజు నలుగురిలో నవ్వుతూ కూర్చునే చోటు అతనికి అదొక్కటే. గెలిచినవాడు కావాలి. నాలుగింటికల్లా కావాలి.

హైదరాబాదు నుంచి చదరంగం గడియారం తెప్పించాడు. రెండు ముఖాలు, రెండు మీటలు. ఒకరి మీట నొక్కితే వారి సమయం ఆగి ఎదుటివారిది నడుస్తుంది. ఫైనల్లో మనిషికి గంట. ఎవరి గంట అయిపోతే వాళ్ళు ఓడినట్టు. వినోద్ ఇదంతా వివరించి సోమయ్య వంక చూశాడు.

“సచ్చినోడి కథ చెప్పాలంటే నీ టైమ్‌లనే చెప్పాలె కాకా. నీ గడియారమే నడుస్తది.”

సోమయ్య మురిసిపోయాడు. “అంటే గంటసేపు నా ఇష్టమన్నమాట. ఇంతకుముందు నువ్వు అరుస్తావని భయపడుతూ చెప్పేవాణ్ణి అబ్బాయ్.”

పోటీ రోజు రానే వచ్చింది. పొద్దున చిన్న ఆటలు, మనిషికి ముప్పై మంది సిపాయిలు. సోమయ్యకు ఎదురుపడినవాడు మిర్యాలగూడ శశిధర్, ఇంజనీరు, పాచికలు బల్ల తాకకముందే లెక్క చెప్పేసే రకం. సోమయ్య అతన్ని పద్దెనిమిది నిమిషాల్లో చుట్టుముట్టి ఓడించాడు. ఆ ఎత్తులు చూసి అందరూ నోళ్ళు తెరిచారు. ఈయనకు ఆట ఇంత వచ్చా? అంతకన్నా వింత, మధ్యలో పడిన సిపాయిలకు కథలు లేవు. “వీడు యాదగిరి. పాపం.” అంతే. డబ్బాలో పెట్టేశాడు. గడియారం మందు పనిచేసిందని వినోద్ గాల్లో తేలిపోయాడు.

ఫైనల్లో ఎదురుగా వచ్చింది సాంసన్. మిర్యాలగూడ మనిషి, ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డ్రైవరు. టేపు లేకుండా కంటిచూపుతో ఆరు అంగుళాలు అంటే ఆరే అంగుళాలు. కొలిచి చూస్తే నూలుపోగు తేడా ఉండదు. ఏడాది కింద పక్షవాతం వచ్చి తగ్గింది కానీ కుడిచెయ్యి సగమే మాట వింటుంది, లెక్క కొంచెం నిదానంగా తెగుతుంది. ఒకసారి వినోద్ సాయం చేయబోతే గయ్యిమన్నాడు. “ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. నాకు పాచికలు ఏరిచ్చేటోడు అవసరం లేదు.” ఆ తర్వాత ఎవరూ ఆయన చేతి జోలికి పోలేదు. పొద్దుటి ఆటల్లో నాలుగైదు పాచికలే కాబట్టి ఇబ్బంది రాలేదు. ఫైనల్లో పూర్తి సైన్యాలు, పిడికెడు పిడికెడు పాచికలు.

రెండు కావడానికి పది నిమిషాలుందనగా మొదలైంది. ఏమని చెప్పాలి ఆ దృశ్యం! ఏటికి ఇవతల సోమయ్య రెండు వందల నలభై మంది, ఒక్కొక్కడూ ఊపిరి బిగబట్టినట్టు. అవతల సాంసన్ గుట్టల సైన్యం, ముందు వరసలో పన్నెండు ఏనుగులు. నడుమ వంతెన. వంతెన పట్టినవాడిదే గెలుపు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి బల్ల మీద బొమ్మలకు నీడలు వచ్చాయి. అంగుళం మనుషులకు మూడంగుళాల నీడలు. పన్నెండు మంది పెద్దలు బల్ల మీదికి వంగారు. ఊర్మిళ చెంపలకు చేతులు ఆనించుకుని, “నిజంగనే యుద్ధం లెక్కనే ఉన్నది,” అంది.

మొదటి సిపాయి పడ్డాడు. సోమయ్య తన గడియారం నడిపించి, గొంతు సవరించుకున్నాడు.

“వీడి పేరు మట్టయ్య. బావులు తవ్వేవాడు. ఎక్కడ తవ్వినా నీళ్ళు పడేవి, వీడింట్లో మాత్రం...”

వినోద్ తల పట్టుకున్నాడు. మందు పనిచేయలేదు. జబ్బు ముదిరింది. మట్టయ్యకు నాలుగు నిమిషాలు. వాడి బావమరిదికి మూడు. గుర్రాలవాడికి ఆరు, అందులో గుర్రానికి రెండు. ‘వద్దు కాకా’ అని వినోద్ కళ్ళతో బతిమాలాడు, చేతులతో దండం పెట్టాడు, గోడ గడియారం చూపించాడు. సోమయ్య కూడా గడియారం చూసి, టైము బాగానే ఉందన్నట్టు తలూపాడు.

మూడు ముప్పై అయిదుకు మెట్ల మీద బరువైన అడుగులు వినబడ్డాయి. జగదీశ్ రెడ్డి ముందే వచ్చేశాడు. వెనక బామ్మర్ది, బల్లలు ఎక్కడ వేయాలో అప్పుడే గోడలు కొలుస్తున్నాడు. ఇద్దరు హమాలీలు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. గడియారంలో సాంసన్‌కి మిగిలింది మూడు నిమిషాలు, సోమయ్యకు పన్నెండు. ఏనుగులు వంతెన మొదట్లో ఉన్నాయి. సాంసన్ పద్నాలుగు పాచికలు వేయాలి. నాలుగో అంతకన్నా ఎక్కువో పడిన ప్రతి పాచికా ఒక దెబ్బ, తొమ్మిది దెబ్బలు తగిలితే వంతెన ఆయనదే.

గది మొత్తం ఆయన చేతినే చూస్తోంది. సాంసన్ ఎడమచేత్తో పాచికలు కూడబెట్టి, కుడిచెయ్యి అడ్డం పెట్టి, గిన్నెలా చేసి లేపాడు. కుడిచెయ్యి ఒక్కసారి వణికి విడిపోయింది. పద్నాలుగు పాచికలూ జారి, బల్ల అంచుకు తగిలి నేల మీద టపటపా పడి, బెంచీల కిందికి దొర్లిపోయాయి. ఒక పాచిక మాత్రం వంతెన మీదికి దొర్లి, సోమయ్య జెండా సిపాయికి తగిలింది. వాడు వెల్లకిలా పడ్డాడు.

చూపులన్నీ ఆ చేతి మీదే ఉన్నాయి. ఆ చూపులే సాంసన్‌ని చంపేశాయి. ముఖమంతా చెమట. “ఇగ నాతోని గాదు,” అన్నాడు నేల చూస్తూ. “ఓడిపోయిన అని రాస్కోండ్రి.”

వినోద్ పెన్ను అందుకున్నాడు. ఓడినవాడు ఉంటే గెలిచినవాడు ఉన్నట్టే! సోమయ్య గెలిచాడు, టైము మూడున్నర దాటింది, గెలిచినోడు ఎదురుగానే ఉన్నాడు, గది దక్కింది. ఒక్కమాట అంటే చాలు. అనడానికి నోరు తెరిచాడు కూడా.

“ఆగండి సాంసన్ గారూ,” అని సోమయ్య లేచాడు. “ముందు మా వాడు పడ్డాడు. వాడి సంగతి తేలనివ్వండి.” అని తన గడియారం నడిపించాడు.

“కాకా, గది దెబ్బ గాదు! పాచిక తగిలి పడ్డడు. నిలబెట్టుకో!” అని అరిచాడు వినోద్.

“పడ్డాడుగా అబ్బాయ్. పడ్డాక ఎట్లా పడితే ఏం?” సోమయ్య జెండా సిపాయిని అరచేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరకు, ఎండలోకి నడిచాడు. “రెడ్డిగారూ, ఇట్లా రండి. వీడిని మీరు చూడాలి. వీడి పేరు సైదులు.”

జగదీశ్ రెడ్డి వెళ్ళాడు. ఆయన వెంట బామ్మర్ది, హమాలీలు, ఊర్మిళ, శశిధర్, అందరూ కిటికీ దగ్గరకు పోయి మూగారు. జెండా మీద, గోరంత బట్ట మీద, ఎర్రదారంతో కుట్టినట్టు నెమలి. నెమలి ఈకల్లో ప్రతి కన్నూ వేరుగా కనబడుతోంది. “అబ్బ!” అన్నాడు జగదీశ్ రెడ్డి, ఊపిరి తగిలితే చెరిగిపోతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

“వీడికి తల్లి లేదండీ. అక్కే పెంచింది. ఒకరోజు ఒక చిన్నమాట దగ్గర ఇద్దరికీ చెడింది. ఏ మాటంటారా? మేక గురించి. ఆ మేక సంగతి కూడా చెప్పాలి...”

వినోద్ కదల్లేదు. కోపంతో బల్ల దగ్గరే ఉండిపోయాడు. అందుకే అతనొక్కడే చూశాడు. బల్ల అవతల సాంసన్ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో బెంచీ కిందనుంచి ఒక పాచిక తీశాడు. జేబులో వేసుకున్నాడు. ఇంకొకటి. ఒక్కరూ ఆయన వంక చూడడం లేదు. అక్కడ మేక తాడు తెంపుకుని అంగట్లో పడింది. ఇక్కడ అయిదో పాచిక, ఆరోది. అక్క అలిగి మాట్లాడడం మానేసింది. ఎనిమిది, తొమ్మిది. సాంసన్ కొంచెం ఆగి, కుడిచెయ్యి ఒత్తుకుని, ఊపిరి తీసుకున్నాడు. అక్కడ కథ కూడా కొంచెం నెమ్మదించి, పక్కింటి కోడళ్ళ మీదికి మళ్ళింది. అప్పుడు చూశాడు వినోద్, సోమయ్య కళ్ళు చేతిలోని సిపాయి మీద లేవు. జనం తలల మీదుగా, బెంచీ కింద కదులుతున్న ఆ ఎడమచేతి మీద ఉన్నాయి.

వినోద్ చల్లబడిపోయాడు. క్లబ్బులో తను ఆడిన మొట్టమొదటి ఆట కళ్ళముందుకు వచ్చింది. నియమాలు ఒక్కటీ తెలియవు. తెలియదని చెప్పడానికి సిగ్గు. పుస్తకం ఒళ్ళో దాచుకుని దొంగచాటుగా చదువుతున్నాడు. అప్పుడు రాజుగారి వంటవాడు పడ్డాడు. వాడి చారు గురించి సోమయ్య ఇరవై అయిదు నిమిషాలు చెప్పాడు, ఆ పుణ్యాన వినోద్ రెండు పేజీలు చదివేశాడు. ఈ ముసలాయన వాగుడు భలే కలిసొచ్చిందిరా అని లోపల నవ్వుకున్నాడు కూడా. మరి ఊర్మిళకు ఫిరంగి లెక్క తెలిసింది ఆ నలభై నిమిషాల్లోనే. లెక్కల మాస్టారు పుస్తకం తిరగేసింది ఆ పదకొండు నిమిషాల్లోనే. శశిధర్‌కి అవసరం లేదు కనుక యాదగిరికి ‘పాపం’ ఒక్కటే దక్కింది. ‘నా అంత గుడ్డోడు ఎవడన్న ఉన్నడా?’ అనుకున్నాడు వినోద్.

“...అందుకని వీడు సైన్యంలో జెండానే అడిగి తీసుకున్నాడండీ. జెండా నిలబడి ఉంటే తమ్ముడు బతికున్నట్టేనని, అక్క దూరం నుంచి అయినా చూసుకుంటుందని.”

పద్నాలుగో పాచిక జేబులో పడింది. సాంసన్ బల్ల పట్టుకుని లేచి, చెమట తుడుచుకుని, కాలర్ సరిచేసుకున్నాడు. సోమయ్య అదే క్షణంలో కథ ముగించి వచ్చి మీట నొక్కాడు. ఆయన గంటలో మిగిలింది పది సెకన్లు.

సాంసన్ ఈసారి కుడిచేతి జోలికి పోలేదు. ఎడమచేత్తో ఏడు, మళ్ళీ ఏడు, రెండు విడతలుగా వేశాడు. తనే నిదానంగా లెక్కపెట్టాడు. “పదకొండు,” అన్నాడు. పెద్ద ఏనుగును ఎత్తి వంతెన నడుమ పెట్టాడు. అప్పటికి టైము నాలుగుకు పది నిమిషాలు తక్కువ. సోమయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

“గెలిచారు సాంసన్ గారూ!”

ఎంత గోల! శశిధర్ బెంచీ ఎక్కి ఈల వేశాడు. ఊర్మిళ కళ్ళు తుడుచుకుంది. సాంసన్ మాత్రం రాజులా నిటారుగా నిలబడి, “మిర్యాలగూడ డిపో!” అన్నాడు ఒక్కసారి, గట్టిగా.

“అన్నా, గెలిసినోడు,” అని వినోద్ చూపించాడు. జగదీశ్ రెడ్డి తలూపి, “మంచిది, మంచిది,” అని సోమయ్య వైపు తిరిగాడు. “అది సరే గాని పెద్దాయనా, గా అక్క ఇప్పుడేం జేస్తది? జెండా పడ్డట్టు సూసుంటది గదా?”

“దవాఖానాలో పడుకోబెట్టాం, ఏం భయం లేదని కబురు పంపానండీ. వచ్చే వారానికి లేచి తిరుగుతాడు, తలకు చిన్న కట్టు కడతాను.”

జగదీశ్ రెడ్డికి ప్రాణం కుదుటపడినట్టుంది. బామ్మర్దిని పిలిచి, “నువ్వు వేరే రూము సూసుకో బామ్మర్దీ. గీడ దవాఖాన ఉన్నది,” అన్నాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి బల్ల ముందు కూర్చున్నాడు. “ఏది, నాకు గా ఏనుగులు ఇయ్యండ్రి. నేను గూడ ఒకపాలి ఆడత.”

టీ గ్లాసు అందిస్తూ వినోద్ సోమయ్యను పక్కకు లాగాడు. “కాకా, నిజం జెప్పు. ఇన్ని దినాలు నువ్వు కావాలనే...”

“ఏంటి కావాలని?” అన్నాడు సోమయ్య, అమాయకంగా టీ ఊదుకుంటూ. “వాడికి మేక ఉన్నమాట నిజమేరా. మధ్యలో ఎట్లా ఆపుతాం?”

జగదీశ్ రెడ్డి ఆట మొదలైంది. మొదటి దెబ్బకే సోమయ్య సిపాయి ఒకడు పడ్డాడు, కానీ ఎన్ని తగిలాయో లెక్కపెట్టడం ఆయనకు రాలేదు. పాచికలు ఒకసారి లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు, తప్పింది. తలుపు దగ్గర ఆయన హమాలీలు నిలబడి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “వీడు వడ్ల రాములండీ,” అని సోమయ్య మొదలుపెట్టాడు. పొద్దుటినుంచి మాట్లాడిన గొంతు, రెండు మాటలకే పూడిపోయింది. దగ్గుతూ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. చూపులన్నీ మెల్లగా జగదీశ్ రెడ్డి చేతుల మీదికి రాబోతున్నాయి.

అయిదింటికి గోదాము షట్టర్ వేయాలి. అయిదూ ఇరవై అయింది. వినోద్ గోడ గడియారం చూసి, దానికి వీపు పెట్టి తిరిగాడు.

“గీ రాములు సంగతి నాకు తెల్సు,” అన్నాడు గట్టిగా. అందరూ అతని వైపు తిరిగారు. సోమయ్య గ్లాసు నోటి దగ్గరే ఆపి చూశాడు. “వీని మేనమామ సైకిల్ పోయింది సూడు, అసలు కథంత గాడ మొదలైంది.”

ఏ మేనమామో, ఏ సైకిలో వినోద్‌కి తెలియదు. కుర్చీ లాక్కుని కూర్చుని, జగదీశ్ రెడ్డి వేలు మళ్ళీ మొదటి పాచిక మీదికి పోవడం ఓరకంట చూసుకుంటూ, తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు.